ఇటాస్కా అడవిలో ఏది సొంతం, ఏది పరాయి

మిసిసిపీ నది మొదలయ్యే చోట నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో, ఇటాస్కా సరస్సు కొసన, వరుసగా పేర్చిన బండరాళ్ల సందుల్లోంచి ఆ మహానది పిల్లకాలువలా బయటికి వస్తుంది. వేసవిలో వచ్చిన కుటుంబాలు పిల్లల చేతులు పట్టుకుని ఆ రాళ్ల మీదుగా నదిని దాటి ఫొటోలు దిగుతాయి. మినియాపొలిస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారు చాలామందికి కూడా ఇది తెలిసిన వారాంతపు ప్రయాణమే. అయితే ఆ రాళ్లను అక్కడ పేర్చింది నది కాదు. 1930లలో ప్రభుత్వ ఉపాధి పథకం కింద పనిచేసిన యువకులు చుట్టూ ఉన్న చిత్తడిని ఎండగట్టి, కాలువ దారిని సరిచేసి, ఆ రాతికట్ట వేశారు. సరస్సు పేరూ అలాంటిదే. అక్కడి మూలవాసులైన ఓజిబ్వేల నాయకుడు ఓజావిండిబ్ దారి చూపగా 1832లో అక్కడికి చేరిన అమెరికన్ అన్వేషకుడు హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్, ‘సత్యం’, ‘శిరస్సు’ అనే అర్థాలున్న వెరిటాస్, కాపుట్ అన్న రెండు లాటిన్ మాటల మధ్య అక్షరాలు తీసుకుని ‘ఇటాస్కా’ అని కూర్చాడు. ఓజిబ్వేలు మాత్రం దానిని అంతకు ముందు నుంచే పెద్ద దుప్పుల సరస్సు అని తమ భాషలో పిలుచుకుంటున్నారు.

రాళ్లు దాటి కాలిబాట పట్టగానే అంచున తెల్లని డెయిజీలు, నారింజ రంగు హాక్‌వీడ్ పూలు, ఎర్ర క్లోవర్ గుత్తులు కనిపిస్తాయి. అడవిపూలనుకుని సందర్శకులు ఎక్కువగా ఫొటోలు తీసుకునేది వీటినే. ఈ మూడూ యూరప్ నుంచి వచ్చినవి. బాట దిగి పైన్ చెట్ల నీడలోకి నాలుగడుగులు వేస్తే వీటి జాడ ఉండదు. అక్కడ నేలబారున, రంగు తక్కువగా, వంగి చూస్తే తప్ప కంటికి ఆనని వేరే లోకం మొదలవుతుంది. ఇటాస్కా మొక్కలను స్థానికం, పరాయి అని రెండు జాబితాలుగా రాసి ఊరుకోవడం సులువే గాని, అందువల్ల ఆ అడవి గురించి తెలిసేది తక్కువ. ఒక మొక్క తన చుట్టూ ఉన్న చీమలతో, బూజుతో, నిప్పుతో, మట్టితో ఎలాంటి సంబంధం పెట్టుకున్నదో చూసినప్పుడే ఆ అడవి అర్థమవుతుంది. ఆ అడవిని అన్నింటికన్నా లోతుగా మార్చిన పరాయి జీవి అసలు మొక్కే కాదన్న సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది.

ఇటాస్కా మిన్నెసోటాలో మొట్టమొదటి రాష్ట్ర పార్కు. 1891లో శాసనసభలో ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో దాని బిల్లు గట్టెక్కింది. సర్వేయరు జేకబ్ బ్రోవర్ వంటివారు పట్టుబట్టకపోయి ఉంటే ఆ పైన్ చెట్లన్నీ దూలాలూ పలకలూ అయిపోయేవి. పార్కు ఏర్పడిన తరువాత కూడా దాని హద్దుల లోపల కలప నరుకుడు దాదాపు 1920 వరకూ సాగింది. ఈనాడు పార్కు విస్తీర్ణం 32,000 ఎకరాలకు పైమాటే. అందులో వందకు పైగా సరస్సులున్నాయి. ఉత్తరపు సూదిఆకు అడవి, దక్షిణపు ఆకురాల్చే అడవి, పడమటి గడ్డిమైదానం ఈ ప్రాంతానికి దగ్గరలోనే కలుసుకుంటాయి గనుక ఇక్కడి మొక్కల వైవిధ్యం ఎక్కువ.

స్థానిక మొక్క అంటే ఏది? ఉత్తర అమెరికాలో వాడుకలో ఉన్న కొలమానం ఒకటే: యూరప్ వాళ్లు వచ్చి స్థిరపడక ముందే ఆ చోట ఉన్నది స్థానికం, ఆ తరువాత మనుషుల వెంట వచ్చింది పరాయి. కొలమానం స్పష్టంగానే ఉన్నా మొక్కలు దానికి పూర్తిగా లొంగవు. పైన్ చెట్ల కింద నాచు మీద పాకే ట్విన్‌ఫ్లవర్ అనే జంటపూల మొక్క స్వీడన్‌లోనూ స్థానికమే, మిన్నెసోటాలోనూ స్థానికమే. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు అది ఎంతో ఇష్టమైన మొక్క. దాని శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది. కాలిన నేలలో గులాబీ రంగు కంకులతో లేచే ఫైర్‌వీడ్ కూడా ఉత్తరార్ధగోళం చుట్టూ పెరుగుతుంది. పేర్లను నమ్ముకుంటే ఇంకా తికమక. కెనడా తిసిల్ అనే ముళ్లమొక్కకు కెనడా సొంత ఊరు కాదు. కెంటకీ బ్లూగ్రాస్ అని అమెరికన్లు తమ పెరళ్లలో పెంచుకునే గడ్డిలో అత్యధిక భాగం యూరప్ నుంచి వచ్చిందే. శాసనసభ కూడా ఇక్కడ పొరపడింది. మిన్నెసోటా 1893లో లేడీస్‌లిప్పర్ అనే ఆర్కిడ్‌ను రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నప్పుడు తీర్మానంలో రాసిన శాస్త్రీయ నామం ఆ రాష్ట్రంలో పెరగని జాతిది. ఆ తప్పును 1902లో దిద్ది, గులాబీ తెలుపు రంగుల స్థానిక జాతిని ఆ స్థానంలో నిలిపారు.

తెలుగు పాఠకుడికి ఈ చిక్కు కొత్తేమీ కాదు. సీమచింత అన్న పేరులోనే అది బయటినుంచి వచ్చిందని తెలుస్తుంది. మిరపకు అలాంటి ముద్ర లేదు గాని అదీ అమెరికా ఖండం నుంచి వచ్చినదే. బతుకమ్మను పేర్చేటప్పుడు ఈ నేల మీద పుట్టిన తంగేడు పక్కన మెక్సికో ప్రాంతపు బంతి ఒద్దికగా కూర్చుంటుంది. బంతిని పరాయి పువ్వని ఎవరూ పక్కన పెట్టరు. అదే అమెరికా ఖండం నుంచి వచ్చిన వయ్యారిభామను చూస్తే మాత్రం రైతు కొడవలి తీస్తాడు. ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, వచ్చి ఏం చేస్తున్నదన్నది మరొక ప్రశ్న. ఇటాస్కాలో రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు అక్కడ ఎప్పటినుంచో ఉన్నవి ఏం చేస్తున్నాయో చూడాలి.

మంచు కరిగిన తరువాత, మేపుల్ చెట్లు ఇంకా చిగురించక ముందు, నేలమీదకు నేరుగా ఎండ పడేది కొద్ది వారాలే. హెపటికా, బ్లడ్‌రూట్, ట్రిలియం వంటి వసంతకాలపు మొక్కలు ఏడాది బతుకును చాలావరకు ఆ కొద్దిరోజుల్లోనే ముగించుకోవాలి. ఆకు వేసి, పూసి, విత్తనం కట్టి, మళ్లీ ఏడాదికి సరిపడా తిండిని దుంపలో దాచుకునేలోపు పైన ఆకుల పందిరి మూసుకుపోతుంది. వీటి విత్తనాలకు ఒక కొసన తెల్లని కండ వంటి చిన్న బుడిపె ఉంటుంది. అందులో కొవ్వు ఉంటుంది. దానికోసం చీమలు ఆ విత్తనాన్ని పుట్టలోకి మోసుకుపోయి, బుడిపెను తమ పిల్లలకు మేపి, గట్టి గింజను చెత్తకుప్పలో పారేస్తాయి. మెత్తగా, సారవంతంగా ఉండే ఆ కుప్పలోనే ట్రిలియం మొలుస్తుంది. ఎక్కువగా చీమ నడిచినంత దూరమే ఆ మొక్క వ్యాపిస్తుంది గనుక, ఒక అడవిలో ట్రిలియం గుంపు ఒకసారి పోయిందంటే పక్క అడవి నుంచి తిరిగి రావడానికి మనిషి జీవితకాలం చాలదు.

జూన్ నెలలో నేలకు జానెడు ఎత్తున బంచ్‌బెర్రీ పూస్తుంది. నాలుగు తెల్లని రేకల పువ్వులా కనిపించేది నిజానికి నాలుగు పత్రాలు. అసలు పూలు వాటి నడుమ ఆవగింజలంత పచ్చని మొగ్గలుగా గుంపుకట్టి ఉంటాయి. ఒక్కో మొగ్గలో నాలుగు కేసరాలు, విల్లు వంచి బిగించినట్టు, రేకల కింద ఒదిగి ఉంటాయి. పురుగు తగలగానే రేకలు వెనక్కి విచ్చుకుంటాయి, కేసరాలు ఎగిరి పుప్పొడిని పువ్వు ఎత్తుకు ఎన్నో రెట్లు పైకి విసురుతాయి. ఈ పనంతా అర మిల్లీసెకనులోపే అయిపోతుంది. పుల్లతో మెల్లగా తాకి చూసినవారికి మొగ్గ విచ్చుకోవడం కనిపించదు, ముందు మూసి ఉన్నది తరువాత తెరిచి ఉండడమే కనిపిస్తుంది. ఇంత వేగంగా కదిలే మొక్కలు లోకంలో అరుదు.

రాష్ట్ర పుష్పమైన లేడీస్‌లిప్పర్‌ది దీనికి పూర్తిగా ఎదురు నడక. దాని విత్తనం ధూళికణమంత ఉంటుంది. వడ్లగింజలో మొలకకోసం బియ్యం దాచి ఉంచినట్టు ఇందులో తిండి ఏమీ ఉండదు. అది మట్టిలో తగిన బూజును కలిసి, ఆ బూజు పోగుల నుంచి ఆహారం అందుకుంటేనే మొలకెత్తుతుంది, తొలి ఏళ్లు దాదాపు దాని పోషణలోనే గడుపుతుంది. మొదటి పువ్వు పూయడానికి పదహారేళ్ల వరకూ పట్టవచ్చు. ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా బతుకుతుంది. ఈ పువ్వును కోయడం 1925 నుంచీ చట్టరీత్యా నేరం. అడవిలోంచి తవ్వి తెచ్చి పెరట్లో నాటుకున్నవి సాధారణంగా బతకవు. ఆ బూజు, ఆ తడి, ఆ మట్టి పెరట్లో దొరకవు. చిత్రమేమంటే, ఈ ప్రాంతంలో ఈ ఆర్కిడ్ రోడ్డు పక్క తడి గుంటల్లో కూడా విరివిగా పూస్తుంది. అక్కడ ఎండ తగులుతుంది, నీరు నిలుస్తుంది. మనిషి తవ్విన గుంట పరాయి మొక్కలకే ఉపయోగపడుతుందన్న అంచనా ఇక్కడ తప్పుతుంది.

నీటిలో పెరిగే వాటిలో ఓజిబ్వేలు మనోమిన్ అని పిలిచే ధాన్యం గురించి చెప్పకుండా ముందుకు పోలేం. అది వరి కాదు, వరికి దూరపు చుట్టం. మన వైపు చెరువు గట్లలో తనంతట మొలిచే నివ్వరిలాగే ఇదీ ఎవరూ నాటకుండా సరస్సుల అంచున పండుతుంది. పడవలో ఒకరు గెడ వేస్తుంటే మరొకరు రెండు కర్రలతో కంకులను వంచి తట్టి గింజలు రాల్చుకుంటారు; పడవ బయట రాలినవి మరుసటేటి పంటకు విత్తనమవుతాయి. నీటి మీద తిండి పండే చోటికి వెళ్లి స్థిరపడమని తమకు ఆదేశం వచ్చిందని ఓజిబ్వేల వలసగాథ చెబుతుంది. స్థానికం అన్న మాటకు ఇంతకన్నా బలమైన ఉదాహరణ ఆ రాష్ట్రంలో మరొకటి లేదు.

ఇక వచ్చినవాటి సంగతి. వాటిలో చాలావరకు బాట అంచు దాటవు. ప్లాంటెయిన్ అనే వెడల్పాకు మొక్క యూరప్ వలసదారుల వెంటే ఖండమంతా పాకింది. అందుకే అక్కడి మూలవాసులు దానిని తెల్లవాడి అడుగుజాడ అన్నారు. కాళ్ల కింద నలిగి గట్టిపడిన నేలే దానికి ఇష్టం. నడిచేవాళ్లు లేనిచోట అది అంతగా కనిపించదు. కాలక్రమంలో మూలవాసులు దాని ఆకును పుండ్లకు మందుగా కూడా వాడుకున్నారు. డాండిలయన్, తెల్ల క్లోవర్, డెయిజీ కూడా ఇంచుమించు ఇదే కోవలోకి వస్తాయి. వీటికి ఎండ కావాలి, కదిలిన మట్టి కావాలి. చెక్కుచెదరని అడవి నీడలో ఆ రెండూ దొరకవు. వీటిమీద కోపగించుకునే శ్రమ దండగ.

కొన్నింటిని మాత్రం అలా వదిలేయడానికి లేదు. ఔషధ మొక్కగా తోటల్లోకి వచ్చిన టాన్సీ, గులాబీ ఊదా రంగు పూల నాప్‌వీడ్ ఇసుక నేలల్లో, రోడ్ల వెంట గట్టిగా వేళ్లూని, ఎండపడే పైన్ చెట్ల కిందికీ జరుగుతాయి. కంచెల కోసం పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చి నాటిన బక్‌థార్న్ పొద మిన్నెసోటా దక్షిణ భాగపు అడవుల్లో పెద్ద బెడద. దీని ఎత్తుగడ కాలెండరులో ఉంది. ఇది స్థానిక చెట్లకన్నా ముందే చిగురిస్తుంది, అవి ఆకు రాల్చిన తరువాత కూడా పచ్చగా ఉంటుంది. వసంతకాలపు మొక్కలు ఆధారపడిన ఆ కొద్ది వారాల ఎండను అది అడ్డుకుంటుంది. నర్సరీలు 1930ల నాటికే దీని అమ్మకం మానుకున్నా, అప్పటికే పక్షులు గింజలను ఊరూరా చేర్చేశాయి.

ఇంత చెప్పినా అసలు విషయం ఇంకా నేల కిందే ఉంది. తెలుగు రైతుకు వానపాము నేస్తం. వర్మీకంపోస్ట్ తొట్టి పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ దానిని సంతోషంగా పెంచుతారు. ఆ తొట్లలో ఎక్కువగా కనిపించే ఎర్ర వానపాము కూడా మూలంలో యూరప్ జాతే. కాని మిన్నెసోటాలోని ఉత్తరపు అడవుల్లో వానపాములే ఉండేవి కావు. వేల ఏళ్లపాటు ఆ నేలను కప్పిన హిమానీనదాలు వెనక్కి తగ్గి పదివేల ఏళ్లు దాటింది; ఆ మంచు కింద వానపాములు మిగలలేదు, దక్షిణాదిన బతికిన జాతులు అంత దూరం తిరిగి రాలేదు. కాబట్టి ఆ అడవి మొత్తం వానపాము లేకుండానే తయారైంది. రాలిన ఆకులను బూజులు, బాక్టీరియా నిదానంగా కుళ్లబెట్టేవి. ఏటికి ఒక పొర చొప్పున మెత్తని పరుపు పేరుకునేది. ట్రిలియం మొలక, లేడీస్‌లిప్పర్ బూజు, మేపుల్ లేతవేరు, చీమల పుట్ట అన్నీ ఆ పరుపును నమ్ముకున్నవే.

యూరప్ వానపాములు ఓడల అడుగున బరువుకోసం నింపిన మట్టిలో, కుండీ మొక్కల వేళ్లలో, ఆ తరువాత చేపల ఎరగా వచ్చాయి. తమంతట తాము అవి ఏడాదికి పది మీటర్లు జరగడమే ఎక్కువ. అయితే చేపలు పట్టేవారు సాయంత్రం మిగిలిన ఎర డబ్బాను జాలిపడి ఒడ్డున మట్టిలో ఒంపేస్తే, అక్కడినుంచి కొత్త దండయాత్ర మొదలవుతుంది. వందకు పైగా సరస్సులున్న పార్కులో ఇలాంటి చోట్లకు కొదవ లేదు. ఉత్తర మిన్నెసోటాలో జరిగిన పరిశోధనల్లో వానపాముల ముందంజను నేలమీద గీతలా గుర్తించారు. గీతకు ఒక పక్క ఆకుల పరుపు, దానిమీద రకరకాల మొక్కలు. రెండో పక్క ఉత్త నల్లమట్టి, అక్కడక్కడా సన్నని తుంగజాతి గడ్డి. పొలంలో మట్టిని గుల్లచేసి మేలుచేసే అదే పని ఇక్కడ ఆ పరుపును మింగేసి, మట్టిలో కలిపేసి, వేళ్లను బయటపెడుతుంది. పోషకాలు మొక్కకు అందకముందే నీటివెంట కిందికి జారిపోతాయి. వానపాములను అడవి నేలలోంచి ఏరివేసే పద్ధతి ఇప్పటివరకు లేదు.

ఆ నష్టాన్ని రెట్టింపు చేసేది మరొకటుంది, అది పూర్తిగా స్థానికమైనది. తెల్లతోక జింకకు ట్రిలియం అంటే ఇష్టం, తెల్ల పైన్ కొస మొగ్గలంటే మరీ ఇష్టం. వేటను ఆపి, తోడేళ్లు తగ్గిపోయిన కాలంలో పార్కులో జింకలు విపరీతంగా పెరిగాయి. చివరికి 1940లలో వేటకు అనుమతించవలసి వచ్చింది. పార్కులో 1930లలో ఒక ముక్కకు కంచె వేసి జింకలు రాకుండా చూసినప్పుడు, కంచె లోపల తెల్ల పైన్ మొలకలు ఎదిగాయి, బయట ఎదగలేకపోయాయి. ఈ రోజుకీ ఉత్తర మిన్నెసోటాలో శరదృతువు రాగానే స్వచ్ఛంద కార్యకర్తలు పిల్ల పైన్ల కొస మొగ్గలకు చిన్న కాగితం ముక్కలు చుట్టి పిన్ను కొడతారు. శీతకాలమంతా జింక నోటికి ఆ కాగితమే అడ్డు. ఇంత నాజూకు పనితో అడవిని కాపాడుకోవలసి రావడం బాధ కలిగించే విషయమే అయినా, ఆ పని ఫలితమిస్తున్నది.

నిప్పు సంగతి వేరు. పార్కు పేరు చెప్పగానే గుర్తొచ్చే ఎర్ర పైన్లు, రెండున్నర శతాబ్దాలు దాటినవి సైతం, నిప్పు తరువాత మొలిచినవే. ఎర్ర పైన్ బెరడు మందం. నేలబారు మంట అడుగున పొదలనూ రాలిన సూదిఆకులనూ కాల్చేసి పోతే పెద్ద చెట్టుకు మచ్చ మాత్రం మిగులుతుంది, విత్తనానికి మాత్రం శుభ్రమైన మట్టి, వెలుతురు దొరుకుతాయి. పిడుగులే కాక ఓజిబ్వేలు కూడా బ్లూబెర్రీల కోసం, దారుల కోసం మంటలు పెట్టేవారు. పార్కు ఏర్పడ్డాక మంట కనిపిస్తే ఆర్పడమే రక్షణ అనుకున్నారు. ఫలితంగా పాత పైన్ల కింద హేజల్ పొదలు, బాల్సమ్ ఫర్ చెట్లు దట్టంగా కమ్ముకున్నాయి, ఇవన్నీ స్థానికాలే. ముసలి చెట్లు ఒక్కొక్కటే కూలుతుంటే వాటి స్థానంలోకి వచ్చే పిల్ల పైన్లు లేవు. ఇటీవలి దశాబ్దాల్లో అధికారులు వాతావరణం చూసి, హద్దులు గీసి, తామే నిప్పు పెడుతున్నారు. కాలిన నేల తిసిల్‌కు, నాప్‌వీడ్‌కు కూడా ఆహ్వానమే గనుక మంట ఆరిన తరువాత రెండు మూడేళ్లు అంచుల వెంట తిరిగి కలుపు పీకడం ఆ పనిలో భాగంగా ఉండాలి. నిప్పు పెట్టి ఊరుకుంటే సగం పనే చేసినట్టు.

వానపామును తొలగించలేనప్పుడు మిగిలింది అది ఇంకా చేరని చోట్లను కాపాడడం. మిగిలిన ఎరను చెత్తబుట్టలోనే వేయాలని రాష్ట్ర సహజవనరుల శాఖ చెబుతున్నది. పడవ దింపే రేవుల దగ్గర, కొత్త బాట వేసే చోట బయటి మట్టి తేకుండా చూడడం కూడా అంతే అవసరం. డెయిజీ మీద పెట్టే శ్రద్ధలో నాలుగోవంతు ఎర డబ్బా మీద పెడితే అడవికి ఎక్కువ మేలు జరుగుతుంది.

ఒక చోటికి వానపాము వచ్చిందీ లేనిదీ తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. మేపుల్ చెట్టు కింద కూర్చుని రెండు వేళ్లతో ఆకులను పక్కకు జరపాలి. పైన పోయిన శరత్తులో రాలిన ఆకు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని కింద అంతకు ముందటేడు ఆకు, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా వస్తుంది. ఇంకా కిందికి పోతే ఆకు రూపం పోయి, తెల్లని బూజు పోగులు అల్లుకున్న గోధుమ రంగు పొడి, వేళ్లు మునిగేంత మెత్తగా తగులుతుంది. అలా తగిలితే అక్కడ వచ్చే మే నెలలో ట్రిలియం పూసే అవకాశం ఇంకా ఉన్నట్టే. పై ఆకు తీయగానే కుండీలో మట్టిలాంటి నల్లని ఉండలు కనిపిస్తే, గీత అప్పటికే ఆ చెట్టు దాటిపోయింది.